కట్టుబాటు, ఎంపిక, ఫలితము: డేవిడ్ రైక్ గ్రంథములోని భారతదేశ అధ్యాయముపై విమర్శ

తార్నాక నుండి ఉప్పల్ వెళ్ళే రోడ్డులో, హబ్సిగూడలో సీసీఎంబీ ఉన్నది. 2008 అక్టోబరులో హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్ అక్కడికి వచ్చి, లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ గార్లతో భారతీయుల జన్యు చరిత్రను గూర్చి చర్చించారు. ఆ పరిశోధన 2009లో 'నేచర్' పత్రికలో వెలువడినది. 2018లో రైక్ వ్రాసిన 'హూ వి ఆర్ అండ్ హౌ వి గాట్ హియర్' గ్రంథములో ఒక అధ్యాయము ఈ కథనే చెబుతున్నది. ఉత్తరాది, దక్షిణాది పూర్వికులను గూర్చిన వాదము పత్రికలలో కావలసినంత నడిచినది, దానిని మేము విడిచిపెడుతున్నాము. స్వేచ్ఛాచిత్తమును గూర్చి బోధించే కాపరులు ఆగి చదువవలసిన భాగము వేరొకటి ఉన్నది.

అది మన ఆంధ్ర ప్రాంతపు వైశ్యులను గూర్చిన భాగము. రెండు మూడు వేల సంవత్సరముల క్రితము కొద్దిమందితో మొదలైన ఈ సమూహము, అప్పటి నుండి బయటివారితో దాదాపు కలియలేదని రైక్ వ్రాస్తున్నారు. తరమునకు నూటికి ఒక్కరు బయటి నుండి వచ్చి చేరినా ఆ పురాతన గుర్తు చెరిగిపోయి ఉండేదట. ఈ సమాజములో కొందరికి ఒక ఎంజైము లోపము ఉన్నది. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకు ఇచ్చే ఒక మందు వారి శరీరములో త్వరగా విరగదు, ఊపిరి కండరములు సైతము చాలాసేపు స్తంభించిపోతాయి. ఇది ఒక్క కులము మాట కాదు. 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన పరిశోధన దక్షిణాసియాలోని 263 సమూహములను పరిశీలించి, 81 సమూహములలో ఇటువంటి గట్టి గుర్తులను కనుగొన్నది.

ఇక్కడ ఒక పొరపాటును సరిచేయాలి. మేనరికము వద్దని సంఘములో చెప్పితే మన పని అయిపోయినదని చాలామంది కాపరులు అనుకుంటారు. వధూవరులకు తెలిసిన చుట్టరికము ఏమీ లేకపోయినా, ఒకే కులములో వేల యేండ్లుగా ఇచ్చిపుచ్చుకున్నందున ఇద్దరికీ అదే పాత పూర్వికుడు ఉండవచ్చును. లోపము తల్లి వైపు నుండి, తండ్రి వైపు నుండి రెండూ వచ్చినప్పుడే ఇటువంటి వ్యాధులు బయటపడతాయి.

ఆ గోడను ఎవరు కట్టారు? ప్రకృతి నియమము కాదు. స్మృతులు వ్రాసినవారున్నారు, నిజమే. అయితే వ్రాసిన ధర్మము తనంతట తాను పెండ్లి చేయదు. ప్రతి తరములో ప్రతి ఇంటి అరుగుమీద ఎవరో కూర్చొని సంబంధము ఖాయము చేశారు. వారిలో ఒక్కరైనా తాము ఎంపిక చేస్తున్నామని అనుకొని ఉండరు. "పిల్లను ఇచ్చాము", "పిల్లను తెచ్చుకున్నాము" అనే మన మాటలనే చూడండి. కర్త ఇల్లు, కర్మ పిల్ల. 1524లో ఎరాస్మస్, 1525లో లూథరు వాదించుకొన్నది దేవుని యెదుట ఒక మనిషి చిత్తమును గూర్చి. ఇంటి చిత్తమును గూర్చి మన పాఠ్యగ్రంథములు మాట్లాడవు. మన సెమినరీ బోధనలో ఇది పెద్ద లోటని మా అభిప్రాయము.

రైక్ చూపే మార్గము పరీక్షలు. సంప్రదాయ యూదులలో 'దోర్ యెషోరిమ్' అనే సంస్థ పెండ్లి నిశ్చయమునకు ముందు రక్తపరీక్ష చేసి, ఇద్దరికీ ఒకే లోపము ఉంటే తెలియజేస్తున్నది. పెద్దలు కుదిర్చే వివాహములున్న భారతదేశములోనూ ఇది పనిచేస్తుందని ఆయన ఆలోచన. దీనిని మేము మనస్ఫూర్తిగా బలపరుస్తాము, పిల్లల ప్రాణములు దక్కుతాయి గనుక. కాని ఈ ఉపాయము ఫలితమును తీసివేసి ఎంపికను ఉన్నచోటనే ఉంచుతుంది. గోడ అలాగే నిలుస్తుంది, దాని నీడ మాత్రము తగ్గుతుంది. జన్యుశాస్త్రవేత్త అంతవరకే చెప్పుట న్యాయమే. మనము అక్కడ ఆగరాదు.

మన ప్రసంగవేదికల మీద జరిగేది ఇంకా ఘోరము. జబ్బుతో పుట్టిన బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లికి నిర్గమకాండము 20:5 చూపి, తండ్రుల దోషము మూడు నాలుగు తరముల వరకు వస్తుందని చెప్పే బోధకులు ఉన్నారు. యెహెజ్కేలు 18వ అధ్యాయమును వారు చదువలేదా? తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడని ప్రవక్త తేల్చి చెప్పాడు. అయితే ఆ మాటలు విన్నవారు బబులోనులో ఉన్నారు. తండ్రులు చేసినదాని ఫలితమును వారు దినదినము అనుభవిస్తూనే ఉన్నారు. ఫలితము తరములు దాటుతుంది, నేరము దాటదు. ఈ భేదమును చెరిపివేసే బోధ, యోహాను 9లో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు వేసిన ప్రశ్ననే మరల వేస్తున్నది, ప్రభువు దానిని త్రోసిపుచ్చిన తరువాత కూడా.

సంఖ్యాకాండము 36లో సెలోపెహాదు కుమార్తెలు తమ పినతండ్రుల కుమారులను పెండ్లాడారు. కారణము స్వాస్థ్యము గోత్రము దాటిపోకూడదని. మన పల్లెలలో వినిపించే మాటా అదే, పొలము బయటకు పోకూడదని. కాని అక్కడ కూడా తమకు ఇష్టమైనవారిని చేసికొనవచ్చునని చెప్పి, ఆ మీదటనే గోత్రపు హద్దు పెట్టారు. కుమార్తెల ఇష్టమును వచనము మరువలేదు, మన సంబంధముల మాటలలో అది తరచు కనబడదు.

ఇక మన సంఘముల సంగతి. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో క్లౌ దొరగారి కాలమున ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. గలతీయులకు 3:28 ఆనాటి నుండి మన నోట ఉన్నది. బల్ల దగ్గర ఒకే గిన్నెలో త్రాగే కుటుంబములు సంబంధముల దగ్గర మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అని విడిపోతున్నవి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము కులమును అడుగదు. అడిగేది మనమే.

అనేక సంఘములలో పెండ్లి ప్రకటన మూడు ఆదివారములు చదువుతారు, అభ్యంతరము ఉన్నదా అని అడుగుతారు. అప్పటికి కార్డులు అచ్చయి, హాలుకు అడ్వాన్సు ఇచ్చి ఉంటారు. రక్తపరీక్షను గూర్చి గాని, నీవు నిజముగా ఒప్పుకొన్నావా అని ఆ అమ్మాయిని గాని అడుగుటకు అది సమయము కాదు. ఆ మాటలు యవ్వనస్థుల కూటములో, తల్లిదండ్రులు ఇంకా ఎవరికీ మాట ఇవ్వక ముందే మాట్లాడవలసినవి.