ఎసరు తెలిసిన చేతులు

హాస్టల్ అనగానే నీళ్ల సాంబారు, కసిరే ఆంటీ, పదింటికే తాళం పడే గేటు అని తేల్చేస్తాం. హైదరాబాద్‌లో నాచారం, హబ్సిగూడ, ఉప్పల్ సందుల్లో పీజీలు నడిపే ఆడవాళ్ల వంటగదిలో కాసేపు నిలబడితే ఆ మాట మళ్లీ అనలేం. యాభై మందికి సరిపడా ఇడ్లీ పిండి ముందురాత్రే రుబ్బి పెట్టాలి. చలికాలమైతే గిన్నెకు గోనెసంచి చుట్టి వెచ్చగా ఉంచాలి, ఎండాకాలమైతే పొద్దుపోయాకే రుబ్బాలి, లేదంటే పులిసిపోతుంది. పెద్ద బగోనెలో అన్నం ఉడుకుతుంటే ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తారు. కాస్త పలుకు ఉండగానే గంజి వార్చి మూత పెడతారు, మిగతాది ఆ వేడికే మగ్గుతుంది. అందుకే ఆఖరున తినేవాళ్ల కంచంలోనూ అన్నం ముద్దకట్టదు. సాంబారు పలచగా దించేది పిసినారితనంతో కాదు. చల్లారేకొద్దీ పప్పు చిక్కబడుతుంది, రాత్రి ఆలస్యంగా వచ్చేవాళ్లకూ అది కలుపుకునేలా ఉండాలి. అక్కడి పారిశ్రామికవాడలో (ఐడీఏ) తెల్లవారుజామున షిఫ్టు ఎక్కేవాళ్లకు డబ్బా కట్టివ్వడం, మెట్రో దిగి అలసిపోయి వచ్చే పిల్లకు కూర విడిగా తీసి మూతపెట్టి ఉంచడం ఏ రేటు బోర్డు మీదా రాయరు. గేటు తాళం వెనకా ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఇచ్చిన మాట ఉంటుంది. కొత్త ఊళ్లో మొదటి జీతం అందేదాకా ఎందరినో నిలబెట్టింది ఈ చేతి వంటే. నెల డబ్బులు ఇచ్చేటప్పుడు అన్నం బాగుందాంటీ అని ఒక్క మాట కూడా చెప్పండి. అంత పనితనానికి ఆ మర్యాద దక్కాలి.