విప్పి చూడవలసిన బొమ్మ

పునరుజ్జీవన కాలపు ఇటలీ చిత్రకారులు, అనగా సుమారు 15, 16 శతాబ్దాలలో ప్రాచీన గ్రీకు, రోమన్ విద్యలను మళ్లీ ఆశ్రయించినవారు, పురాణగాథను కథ తెలిసిన చూపరి కోసమే చిత్రించారు కనుక, ఆ కథ తెలియనివారికి అందులో రంగుల వైభవం తప్ప మరేమీ అందకపోవడం సహజం. టిషియన్ 1520-23 మధ్య ఫెరారా ప్రభువు అల్ఫోన్సో దెస్తె కోసం గీసిన 'బాకస్, అరియాడ్నె' చిత్రం ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో ఎడమ అంచున కనిపించే చిన్న ఓడ, నాక్సోస్ దీవిలో నిద్రిస్తున్న అరియాడ్నెను విడిచిపోయిన ఆమె ప్రియుడు థీసియస్‌ది. ఆమె దేహం ఇంకా సముద్రం వైపే ఉన్నా ముఖం మాత్రం మద్యదేవుడైన బాకస్ వైపు తిరిగింది. అతడు చీతాలు పూన్చిన రథం నుంచి దూకుతూ ఇంకా గాలిలోనే ఉన్నాడు. ఆకాశంలోని నక్షత్రవలయం ఆమె కిరీటం ముందుముందు పొందబోయే రూపం. గతం, వర్తమానం, భవిష్యత్తు ఒకే బట్ట మీద ఇమిడిపోయాయి.

చుట్టి ఉన్న ఈ కాలాన్ని విప్పి చూడడమే చిత్రపఠనంలో అసలు పని, సంకేతాల జాబితా రాయడం దాని తరువాతిదే. ఆ పని నేర్పగలవారు ఖరగ్‌పూర్ ఇందాలోని తెలుగువారికి సొంత జిల్లాలోనే, పింగ్లా ప్రాంతపు నయా గ్రామంలో ఉన్నారు. వారు పటువాలు, అంటే కథను గళ్లుగళ్లుగా పటం మీద గీసి, దాన్ని విప్పుతూ, ఒక్కొక్క గడినీ వేలితో చూపుతూ పాడేవారు. మన చేర్యాల నకాషీలు గీసే పటాలూ ఇలాగే కథకుల చేతిలో విప్పుకొనేవే. పటువాలలో ఎక్కువమంది ముస్లింలైనా సర్పదేవత మనసాదేవి కథను తరతరాలుగా పాడుతున్నారు, ఇది తలవంచి గౌరవించవలసిన విషయం. వెనుక పాత చీరగుడ్డ అంటించిన కాగితం మీద, మారేడుకాయ జిగురు కలిపిన రంగులతో, అరటిబోదెల తెప్ప మీద భర్త శవంతో సాగిపోయే ఆ కథానాయిక బెహులాను వారు చిత్రిస్తారు. టిషియన్ ఆకాశపు నీలం అఫ్గాన్ గనుల లాజవర్ద రాయి నుంచి వచ్చినది, పటువా నీలం పెరటి శంఖుపుష్పం నుంచి వచ్చేది. అయినా నీటి ఒడ్డున దిక్కులేక నిలిచిన అరియాడ్నెకూ, నీటి మీదనే దిక్కు వెతుక్కున్న బెహులాకూ పోలిక కళ్లకు కడుతుంది.

పటువా ఒక్కో క్షణానికి ఒక్కో గడి ఇస్తాడు, టిషియన్ అన్ని క్షణాలకూ కలిపి ఒక్క గడే ఇచ్చాడు. ఇందాలోని పాఠకులు టిషియన్ చిత్రం ప్రతిని చూడబోయే ముందు ఒకసారి నయాకు వెళ్లి, పటం మీద కదిలే ఆ వేలి వెంట తమ చూపును నడిపించి రావాలి.