ఖిసాస్ అనగా పగ కాదు: నంద్యాల, ఆళ్లగడ్డల నుండి ఒక పరిశీలన

ఖురాన్ రెండవ సూరా 'బఖరా'లోని 178, 179 ఆయతులను గురించి తెలుగులో వ్రాసినవారు, ప్రసంగించినవారు పెక్కుమంది కలరు. వారిలో చాలామంది ఆ ఆయతులను అరేబియా ఎడారికి, ఆనాటి తెగలకు అప్పగించి, పాఠకుణ్ణి దూరంగా నిలబెట్టి మాట్లాడినారు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో పెరిగినవారికి ఆ దూరం లేదు. కుందూ నది ఇరువైపులా, కె.సి. కాలువ క్రింద, నల్లమల అంచున ఉన్న గ్రామాలలో 'పాత కక్షలు' అనే మాట పత్రికలలో చదవక ముందే ఇంట్లో వినియుంటారు. తెగల పోరు అంటే ఏమిటో వారికి తఫ్సీరు చెప్పనక్కరలేదు.

కొన్నేళ్ల క్రితం నంద్యాలలో ఒక శుక్రవారం ఈ ఆయతుపై నేను ప్రసంగించినాను. హత్యకు శిక్ష, వారసుల క్షమాపణ, దియత్ అనగా రక్తపరిహారం, ఈ మూడింటిని గురించి పుస్తకంలో ఉన్నట్లు చెప్పి ముగించినాను. అందరూ వెళ్లిన తర్వాత ఆళ్లగడ్డ వైపు పల్లె నుండి వచ్చిన ఒక వృద్ధుడు దగ్గరకు వచ్చి, "హజ్రత్, నా కొడుకును చంపినారు. పెద్దమనుషులు రాజీ చేసి లెక్క ఇప్పించినారు. లెక్క తీసుకుంటే లెక్క సరిపోతాదా?" అని అడిగినాడు. మా సీమలో డబ్బును 'లెక్క' అనే అంటారు. ఆయనకు అప్పుడు నేను ఇచ్చిన సమాధానం సరియైనది కాదు. ఈ వ్యాసం ఒక విధంగా ఆ సమాధానాన్ని తిరిగి వ్రాయడమే.

మొదట మాటను గురించి. 'ఖిసాస్' అనే పదానికి తెలుగులో సాధారణంగా 'ప్రతీకారం' అని వ్రాయుట అలవాటైనది. సంస్కృతంలో ఆ మాటకు 'విరుగుడు' అనే అర్థం కూడ ఉన్న మాట నిజమే. కాని నేటి తెలుగు పాఠకుడు ఆ మాట చదవగానే అతని మనసులో మెదిలేది పగ. అరబీలో ఈ పదం 'ఖస్స' ధాతువు నుండి వచ్చినది. దానికి అడుగుజాడ వెంట నడచుట అని అర్థం. ఖురాన్‌లోనే ఈ ధాతువు ఆ అర్థంలో కనిపిస్తుంది. శిశువైన మూసా (అ) పెట్టె నీటిలో పోవుచుండగా తల్లి అతని అక్కను వెంబడించమన్న సందర్భంలోను (28:11), మూసా తన సహచరునితో అడుగుల వెంట వెనుదిరిగిన సందర్భంలోను (18:64) ఇదే ధాతువు. అనగా ఖిసాస్‌లో నేరం జాడ ఎంతవరకు పోయినదో శిక్ష అంతవరకే పోవాలి, ఎవరి దగ్గర ఆగినదో అతని దగ్గరనే ఆగాలి. పగ అట్లా ఆగదు. పగకు జాడతో పని లేదు, దొరికినవాడు చాలు. 'సమదండన' అనవచ్చునేమో, ఆ మాట కొంత బిగువుగా ఉన్నది, అయినను 'ప్రతీకారం' కన్న నయం.

ఈ భేదం వట్టి పదచర్చ అని కొందరు అనుకొనవచ్చును. ఆయతు అవతరించిన సందర్భం చూచినవారు అట్లా అనుకొనరు. వ్యాఖ్యాతలు చెప్పినదాని ప్రకారం, రెండు అరబ్బు తెగల మధ్య రక్తపాతం జరిగినది. వాటిలో తన్ను అధికంగా భావించుకొన్న తెగ, తన బానిసకు బదులు ఎదుటివారిలో స్వతంత్రుణ్ణి, తన స్త్రీకి బదులు పురుషుణ్ణి చంపుతామని ఒట్టుపెట్టుకొన్నది. స్వతంత్రునికి స్వతంత్రుడు, బానిసకు బానిస, స్త్రీకి స్త్రీ అన్న ఆయతు భాగం ఆ ఒట్టుకు జవాబు. దానిని సందర్భం నుండి వేరుచేసి చదివితే, స్త్రీని చంపిన పురుషునికి బదులు ఎవరో ఒక స్త్రీని చంపాలని చెప్పినట్లు వింతగా కనిపిస్తుంది. అట్లా చదివి ఇస్లాంను ఎగతాళి చేసినవారున్నారు. అదే చదువును సమర్థించబోయి చిక్కుల్లో పడినవారు మనలోనూ ఉన్నారు. చంపినవాడే శిక్షకు పాత్రుడు, అతడెవడైనను, చంపబడినవారెవరైనను. ఆ ఆయతు చెప్పుచున్నది అంతే.

సీమ పాఠకుడు దీనిని ఒక్కసారి వింటే చాలు. ఒక వర్గంలో సామాన్య అనుచరుడు చనిపోతే అంతటి అనుచరునితో సరిపెట్టరు, ఎదుటి వర్గంలో 'తూగే' మనిషి కావాలంటారు. నాయకుడు చనిపోతే ఒకరితో తీరదు. చంపిన చేయి ఎవరిదో అందరికీ తెలిసినను, ఆ చేయి దొరకనప్పుడు అతని తమ్ముడు, బావమరిది, చివరకు వాళ్ల పొలంలో పనిచేసేవాడు. పదిహేడవ సూరా 33వ ఆయతులో, అన్యాయంగా చంపబడినవాని వారసునికి అధికారం ఇచ్చినట్లు చెప్పి, వెంటనే చంపుటలో మితిమీరకూడదని హెచ్చరిక ఉన్నది. ఈ 'ఇస్రాఫ్' అనగా ఏమిటని ప్రాచీన వ్యాఖ్యాతలు వివరించినారు: హంతకుణ్ణి విడిచి వేరొకరిని చంపుట, ఒకరికి ఇద్దరిని చంపుట, శవాన్ని ఛిద్రం చేయుట. ఈ మూడింటిని నేను నంద్యాలలో చదివి వినిపించినప్పుడు సభలో ఎవ్వరూ తలయెత్తలేదు.

ఇస్లాం తొలి తరం కూడ ఈ పరీక్షకు అతీతం కాలేదని దాచనవసరం లేదు. క్రీ.శ. 644లో హజ్రత్ ఉమర్ (ర)ను అబూ లూలూ పొడిచినప్పుడు, ఉమర్ కుమారుడు ఉబైదుల్లా ఆగ్రహంలో కుట్రలో పాలున్నదని అనుమానించి హుర్ముజాన్‌ను, జుఫైనాను, అబూ లూలూ చిన్న కుమార్తెను చంపినాడని చరిత్రకారులు వ్రాసినారు. సీమ భాషలో చెప్పాలంటే ఇది అచ్చంగా కక్ష హత్య. ఉబైదుల్లాకు ఖిసాస్ విధించాలని హజ్రత్ అలీ (ర) పట్టుబట్టినాడు. కొత్త ఖలీఫా ఉస్మాన్ (ర), వారసులు లేనివారికి పాలకుడే వారసుడన్న సూత్రంపై పరిహారంతో ముగించినాడు. నా మట్టుకు అలీ వాదమే బలమైనదిగా తోచును. మన వ్యాసకర్తలు ఈ ఘట్టాన్ని తరచు దాటవేయుట వలన వచ్చిన లాభం ఏమీ లేదు.

దానికి పన్నెండేండ్ల ముందు, 632లో, దైవప్రవక్త (స) తమ చివరి హజ్ ప్రసంగంలో అజ్ఞానకాలపు రక్తబాకీలన్నిటిని రద్దు చేసినారు. రద్దయిన మొదటి బాకీ ఎవరిదో గమనించాలి. తమ సొంత వంశానికి రావలసినది, రబీఆ బిన్ హారిస్ కుమారుని నెత్తురు. రాజీ చేయవచ్చిన పెద్దమనిషి ఎదుటివారిని మరచిపొమ్మని చెప్పుట తేలిక.

ఇక క్షమాపణ. 178వ ఆయతులో వారసుడు కొంత విడిచిపెట్టిన సందర్భం చెప్పుచు, అతణ్ణి హంతకునికి 'సోదరుడు' అన్నది ఖురాన్. చంపినవానికి, చంపబడినవాని వారసునికి మధ్య ఆ క్షణంలో ఈ మాటను ఉంచుట సామాన్యం కాదు. ఉపన్యాసకులు ఇక్కడ కన్నీరు తెప్పిస్తారు. ఆ తరువాతి భాగాన్ని వేగంగా దాటుతారు. విడిచిన పక్షం మర్యాదగా అడగాలి, విడువబడిన పక్షం చక్కగా చెల్లించాలి, ఒప్పందం తర్వాత అతిక్రమించినవానికి కఠిన శిక్ష అని కూడ అక్కడే ఉన్నది. డబ్బు తీసుకొని, రెండేళ్లు ఆగి, బస్టాండులో కాపు కాసేవాని సంగతి ఆయతుకు తెలుసు.

దియత్‌ను 'ప్రాణానికి ధర' అనుట మరొక తప్పు. నాలుగవ సూరా 92వ ఆయతులో అది పొరపాటున జరిగిన హత్యకు విధింపబడినది. ఉద్దేశపూర్వక హత్యను గురించిన 93వ ఆయతులో డబ్బు ప్రస్తావనే లేదు, నరకం మాత్రమే ఉన్నది. ఉద్దేశపూర్వక హత్యలో దియత్ వచ్చేది వారసుల క్షమాపణ ద్వారానే. హనఫీ, మాలికీ పండితుల దృష్టిలో ఖిసాస్ ఒక్కటే మూల హక్కు, డబ్బు ఇరుపక్షాల ఒప్పందం మీద వచ్చేది. షాఫియీ, హంబలీల దృష్టిలో రెండింటిలో ఒకటి ఎన్నుకొను హక్కు వారసులదే. నూరు ఒంటెలు, వేయి దీనార్లు, హనఫీల లెక్కలో పదివేల దిర్హములు అన్న కొలతలు ఫిఖ్హ్ గ్రంథాలలో ఉన్నవి. స్త్రీ దియత్ సగమన్నది అధికసంఖ్యాకుల నిర్ణయమే గాని, 92వ ఆయతులో ఆ భేదం లేదు. ఇరవయ్యవ శతాబ్దపు అజ్హర్ పండితుడు మహమూద్ షల్తూత్ సమానమనే చెప్పినాడు. ముస్లిమేతరుని హత్య విషయంలో, మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మార్గం పాలిత ముస్లిమేతరునికి ముస్లిముతో సమానంగా ఖిసాస్, సమానంగా దియత్ అన్నది. ఇతర మార్గాలు అట్లా అనలేదు.

నాకు అన్నిటికన్న ముఖ్యమనిపించేది, ఎక్కడా సరిగా చర్చింపబడనిది, క్షమించే హక్కు ఎవరిది అన్న ప్రశ్న. సీమ రాజీలలో ఈ హక్కు వర్గనాయకునిది. ఇరుపక్షాల మీద కేసులు, ఎదురు కేసులు ఉంటాయి. ఇటు సాక్షులు అడ్డం తిరుగుతారు, అటు సాక్షులు అడ్డం తిరుగుతారు, అన్నీ కొట్టుడుపోతాయి. నెత్తురు ఒకరిది, ఒప్పందం వేరొకరిది. హనఫీ, షాఫియీ, హంబలీ మార్గాలలో ఈ హక్కు ఆస్తికి వారసులైన వారందరిది, భార్యతో సహా. వారిలో ఒక్కరు క్షమించినా హంతకుని ప్రాణం నిలుస్తుంది. నాయకుడు వారసుల జాబితాలోనే లేడు. దియత్ సొమ్ము కూడ మృతుని ఆస్తివలెనే పంపిణీ కావాలి. భర్త దియత్‌లో భార్యకు వాటా లేదని హజ్రత్ ఉమర్ (ర) వంటివారే మొదట తలచినారు. అష్యమ్ అనువాని భార్యకు ఆమె భర్త దియత్‌లో వాటా ఇవ్వమని దైవప్రవక్త (స) తనకు వ్రాసి పంపినారని జహ్హాక్ బిన్ సుఫ్యాన్ చెప్పగా, ఉమర్ తన అభిప్రాయాన్ని అక్కడికక్కడే విడిచిపెట్టినారు. మన పల్లెల్లో రాజీ సొమ్ములో విధవ చేతికి ఎంత వచ్చినదని అడిగే జహ్హాక్ లేడు.

ఈ దోషాలు చూపి, ఖిసాస్ చట్టమే ఉంటే సీమలో కక్షలు ఉండేవి కావని వాదించేవారున్నారు. ఈ వాదం నాకు సమ్మతం కాదు. నంద్యాల 1839 వరకు కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉన్నది, కక్షలు అప్పుడు లేవని ఎవరనగలరు? కుంఫిణీ ప్రభుత్వం కూడ మొదట ఈ చట్టాన్నే సవరించి నడిపినది. 1790లో కార్న్‌వాలిస్ బెంగాలులో రెండు మార్పులు చేసినాడు: ఏ ఆయుధంతో చంపినాడన్నది కాక ఏ ఉద్దేశంతో అన్నది చూడాలన్నాడు, వారసుల క్షమాపణ శిక్షకు అడ్డురాదన్నాడు. మొదటిది అబూ హనీఫాను విడిచి ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌ల అభిప్రాయం గ్రహించుటయే. పదునైన ఆయుధమో నిప్పో అయితేనే ఉద్దేశపూర్వకమన్న అబూ హనీఫా నియమం, బండరాయితో తల పగులగొట్టే చోట ఎంతవరకు నిలుచునో మనకే తెలుసు. రెండవది మాత్రం షరీఅత్ మూలాన్నే తాకినది. 1862లో భారత శిక్షాస్మృతి వచ్చిన తర్వాత ముఫ్తీల పని ముగిసినది. నేడు 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షను క్రిందను హత్య రాజీపడదగిన నేరం కాదు. నేరం రాజ్యానిది, వారసులకు మాట లేదు. మాట లేనందుననే వారి మాట కోర్టు బయట అమ్ముడుపోవుచున్నదని అనవచ్చును. అది నిజమే.

కాని మాట ఇచ్చిన చోట ఏమి జరిగినది? పాకిస్తానులో 1990 నుండి ఖిసాస్, దియత్ చట్టం వచ్చినది. సొంత చెల్లెలిని చంపిన అన్నను తండ్రి వారసునిగా క్షమించుట అక్కడ అలవాటైపోయి, 2004లోను, 2016లోను చట్టాన్ని సవరించవలసి వచ్చినది. 2011లో లాహోరులో ఇద్దరిని కాల్చిన అమెరికన్ రేమండ్ డేవిస్ దియత్ చెల్లించి విడుదలైనాడు. సొమ్ము కలవానికి క్షమాపణ సులభమన్న విమర్శకు జవాబు చెప్పకుండ ఈ చట్టాన్ని పొగడుట మేలు కాదు. మన తెలుగువారికి దగ్గర ఉదాహరణ వేరొకటి కలదు. 2005లో దుబాయిలో ఒక నేపాలీ కాపలాదారు హత్యకేసులో సిరిసిల్ల ప్రాంతపు వలస కార్మికులు ఐదుగురు జైలుకు పోయినారు. మృతుని కుటుంబానికి పదిహేను లక్షల రూపాయలు ముట్టి, వారి క్షమాపత్రం వచ్చిన తర్వాత కూడ ఏండ్లు గడచి, 2024 నాటికి గాని వారందరూ ఇల్లు చేరలేదు. అక్కడ వారసుల క్షమాపణ ఒక్కటే తలుపు తెరవలేదు.

ఫిఖ్హ్ గ్రంథాలలో మన ప్రాంతానికి ఎక్కువ పనికివచ్చునది వేరే ఉన్నదని నా అభిప్రాయం. అది 'ఖసామా'. ఒక వాడలో శవం దొరికి, హంతకుడు తెలియకపోతే, హనఫీ పద్ధతిలో ఆ వాడలోని ఏబది మందిని వారసుడు ఎన్నుకొంటాడు. తాము చంపలేదని, చంపినవాణ్ణి ఎరుగమని ఒక్కొక్కరు అల్లాహ్ సాక్షిగా ప్రమాణం చేయాలి. చేసిన తర్వాత కూడ దియత్ ఆ వాడ వారే చెల్లించాలి. పట్టపగలు నడివీధిలో హత్య జరిగి, ఊరంతటికీ ఏమీ కనిపించని చోట ఈ నియమాన్ని చదివి చూడండి. చూడనందుకు ఊరు మూల్యం చెల్లించుట అందులో ఉన్నది. ఇది నేటి కోర్టులో చెల్లునని నేను అనుట లేదు.

ఆ వృద్ధుడు తరువాతి సంవత్సరం మళ్లీ కనిపించినాడు. ఈసారి లెక్క కట్టి చెప్పినాను: కొడుక్కి మగబిడ్డ ఉన్నాడు కనుక ఆ సొమ్ములో తండ్రిగా మీకు ఆరవ వంతు, తల్లికి ఆరవ వంతు, మీ కోడలికి ఎనిమిదవ వంతు, మిగిలినది బిడ్డలది. ఆయన చాలాసేపు వ్రేళ్లు మడచి తెరచి చూచుకొన్నాడు. "కోడలికీ ఉందా? ఆ పొద్దు రాజీకి ఆమెను పిలవనే లేదు హజ్రత్" అన్నాడు.