చెరువు గట్టెక్కని లెక్క

నెల రోజులుగా ఒక పెద్ద పట్టికతో కుస్తీ పడుతున్నాను. ఏ రంగం ఏ రంగం దగ్గర ఎంత సరుకు కొంటుందో అడ్డంగా, నిలువుగా గడుల్లో రాసి ఉంటుందందులో. కరెంటు ధర అర్ధరూపాయి పెరిగితే ఎవరి మీద భారం పడుతుంది, బొగ్గు మీద పన్ను వేస్తే పొగ ఎంత తగ్గుతుంది, ఎన్ని కొలువులు పోతాయి? వీటికి జవాబు ఆ గడుల్లోంచే రావాలి. ఈ పద్ధతికి ఆద్యుడు వాసిలీ లియోంటిఫ్. 1970లోనే ఆయన ఆ పట్టికలో కాలుష్యానికీ ఒక వరుస చేర్చి చూపించాడు. 1973లో నోబెల్ అందుకున్నాడు.

పాత పట్టికను కొత్త సంవత్సరానికి తేవడానికి ఆర్‌ఏఎస్ అనే పద్ధతి ఉంది. కొత్త మొత్తాలు తెలిస్తే చాలు. పాత గడులను ఓసారి అడ్డంగా, ఓసారి నిలువుగా గుణించుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట లెక్క కుదురుతుంది. సాయంత్రానికి పని తెమిలిపోతుంది. ఏళ్ల తరబడి నేనూ అలాగే చేశాను. కానీ సున్నా ఉన్న గడి ఎన్నిసార్లు గుణించినా సున్నాయే. చిన్న అంకె పక్క గడులతో పాటు పెరుగుతుంది తప్ప తనంత తాను ఎగరదు.

ఈ లోపం ఎంత పెద్దదో నాకు ఆకివీడు దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టు మీద తెలిసింది. తెల్లవారుజామున మూడింటికి వెళ్లాను. చీకట్లో ఏరేటర్ల రెక్కలు నీళ్లను చిలుకుతున్నాయి. పక్కనే డీజిల్ జనరేటర్ సిద్ధంగా ఉంది. "పగలు ఎండలో ఎంత కరెంటిస్తే ఏం లాభమండీ, రొయ్యకి ఆక్సిజన్ పడిపోయేది తెల్లారగట్టండి" అన్నాడు రైతు. సౌర విద్యుత్తు లెక్కలు ఏడాది మొత్తంగా వేసుకునే నాకు ఆ మాట గుచ్చుకుంది. ఆ గంట నా నమూనాలో లేదు.

ఎందుకు లేదంటే, దేశం 2007-08కి వేసిన పట్టికలో 130 రంగాలున్నాయి, చేపలూ రొయ్యలూ అన్నిటికీ కలిపి ఒక్కటే వరుస. డీజిల్ తాగే సముద్రపు బోటూ, కరెంటు తాగే చెరువూ అందులోనే. వనామీ రొయ్యకు అనుమతి వచ్చింది 2009లో. ఒత్తుగా పిల్ల వేసే ఆ సాగుకు ఏరేటర్ లేనిదే గడవదు. ఆ పట్టికకు వనామీ ఊసే తెలియదు. పైగా ఆకివీడు ఉన్నది గోదావరి డెల్టాలో. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ధవళేశ్వరం నీళ్లు కాలువల్లో వాలుగా వచ్చి పొలాల్లో పడుతున్నాయి. సార్వా అయినా, దాళ్వా అయినా ఎక్కువ పొలాలకు మోటారుతో పని లేదు. అదే పొలం చెరువైతే రాత్రంతా మోత. రాయలసీమ బోర్లనూ మన కాలువలనూ కలిపి తీసిన సగటులో ఈ మార్పు ఎక్కడ కనపడుతుంది?

గ్యాస్‌దీ అదే కథ. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 గ్యాస్ క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరి, 2013కల్లా దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. వేమగిరిలో కట్టిన విద్యుత్ ప్లాంట్లు గ్యాస్ లేక ఆగాయి. గ్యాస్ ఉంటుందన్న భరోసాతో రాసుకున్న గడుల్లో బొగ్గు పొగ తక్కువే కనిపించింది. ఇక 2014లో రాష్ట్రం, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోవడంతో పాత అంకెల వరుసలన్నీ మధ్యలో తెగాయి. వాటిని మండలాల వారీగా మళ్లీ అతకాల్సిందే. దానికి దగ్గర దారి లేదు.

2019లో ఆక్వా సాగుకు కరెంటు ధర యూనిట్ రూపాయిన్నరకు తగ్గించారు. రేపు ఎవరైనా దాన్ని పెంచాలన్నా, తగ్గించాలన్నా ముందు రొయ్యల చెరువుకు పట్టికలో సొంత వరుస ఉండాలి. దానికి గట్టు గట్టునా తిరిగి అడగాలి. ఉండిలో, ఆకివీడులో చెరువులున్న రైతులకు నా మనవి ఒక్కటే. ఏరేటర్లు ఎన్ని, రాత్రి ఎన్ని గంటలు తిప్పుతున్నారు, డీజిల్ ఎంత పోస్తున్నారు అని ఎవరైనా పుస్తకం పట్టుకుని వస్తే, కాసేపు కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పండి.