లెక్కకు వచ్చినది ఫోనులా, మనుష్యులా? – టెలిఫోను సాంద్రతపై ఒక విమర్శ

ఒక గ్రామములో 100 మంది జనులు కలరనుకొందము. వారిలో 60 మంది వద్ద సెల్‌ఫోనులు ఉన్నవి. ఆ 60 మందిలో 25 మంది రెండేసి సిమ్ కార్డులు ఉంచుకొన్నారు. లెక్క వ్రాయువారు వచ్చి, సిమ్ కార్డులను ఎంచి, ఈ గ్రామములో నూటికి 85 కనెక్షనులు కలవని వ్రాసికొని పోవుదురు. ఆ మాటలో అబద్ధమేమియు లేదు. కాని దానిని చదివినవారు, నూటికి 85 మందికి ఫోను ఉన్నదని తలచినచో, ఫోను లేనివారు 15 మందియే అని తేలును. నిజమునకు ఫోను లేనివారు 40 మంది. తక్కిన 25 మంది ఎవరికిని తెలియకుండ లెక్కలో మాయమైపోయినారు.

ఇది కల్పించిన గ్రామమే. కాని మన దేశములో సెల్‌ఫోనుల, మొబైలు బ్రాడ్‌బాండు యొక్క ప్రాంతీయాభివృద్ధిని గూర్చి పత్రికలలో వచ్చు లెక్కలు చాలవరకు ఈ పద్ధతిని కట్టినవే. ‘టెలిఫోను సాంద్రత’ అనగా నూరుగురు జనులకు ఎన్ని కనెక్షనులు కలవో తెలుపు సంఖ్య. భారత టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, దీనిని దేశములోని 22 సర్వీసు ప్రాంతములకు విడివిడిగా ప్రకటించుచుండును. ఈ ప్రాంతములకే సర్కిళ్లని వాడుక పేరు. ఏ ప్రాంతము ముందున్నది, ఏది వెనుకబడినది అని నిర్ణయించుటకు పాఠ్యపుస్తకములు మొదలుకొని పత్రికల వరకు అందరును ఈ సంఖ్యనే ఆశ్రయించుచున్నారు. అది ఆ భారమును మోయగలదా అనునదే ఇచ్చట విచారింపవలసిన విషయము.

లెక్కకు గల గుణము

ముందుగా దాని మంచిని చెప్పుట న్యాయము. 1994 నాటి జాతీయ టెలికాం విధానము వెలువడినప్పుడు దేశములో నూరుగురికి ఉన్న టెలిఫోనులు సుమారు 0.8 మాత్రమే. 1995 జూలై 31న కలకత్తా నుండి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడినది దేశములో మొదటి సెల్‌ఫోను సంభాషణ. 2003లో పిలిచినవారే రుసుము చెల్లించు పద్ధతి వచ్చి, వచ్చిన పిలుపులకు ఖర్చు లేకపోయినది. అటుపిమ్మట వృద్ధి వేగము అందుకొన్నది. 2023 చివరి నాటికి సాంద్రత దేశము మొత్తముమీద నూటికి సుమారు 85కు చేరినది. ఒకటికి లోపున్నది 85 అయినదన్నచో, ఎంత గట్టి విమర్శకుడైనను ఆ మార్పును కాదనలేడు. ఫోనులు కొద్దిగా ఉన్న కాలములో ఒక కనెక్షనుకు ఒక ఇల్లో, ఒక కార్యాలయమో ఉండెడిది. కావున కనెక్షనులను ఎంచినను పెద్దగా పొరపాటు రాలేదు. చిక్కు అంతయు లెక్క పెద్దదైన తరువాత వచ్చినది.

లవములోని లోపము

సాంద్రత ఒక భిన్నము. పైన ఉన్న లవము కనెక్షనుల సంఖ్య. క్రింద ఉన్న హారము జనాభా. మొదట లవమును చూడవలెను.

ఒకే మనిషి రెండు సిమ్ కార్డులు ఉంచుకొనుటకు కారణములు అనేకము. ఒక కంపెనీ టవరు ఊరిలో అందును, ఇంకొకటి పొలములో అందును. ఒకదానిలో మాటలు చౌక, మరొకదానిలో ఇంటర్నెట్టు చౌక. రెండు సిమ్ములు పట్టు ఫోనులు బజారున సులభముగా దొరకుచున్నవి. ఈ కారణములచేత లవము ఉబ్బును. అది ఎంత ఉబ్బగలదో 2012 సంవత్సరము చూపినది. ఆ యేడు జూను చివర 93 కోట్లు దాటియున్న సెల్ కనెక్షనులు డిసెంబరు చివరకు సుమారు 86 కోట్ల 50 లక్షలకు తగ్గినవి. దేశములో ఏడు కోట్ల మంది ఆరు నెలలలో ఫోను మానివేసిరా? లేదు. చాలకాలముగా వాడుకలో లేని సిమ్ములను కంపెనీలు తమ పట్టికలనుండి తొలగించినవి, అంతియే. మనుష్యులు ఎక్కడివారు అక్కడనే ఉండగా, ‘అభివృద్ధి’ మాత్రము వెనుకకు నడచినది.

దీనికి ట్రాయ్ ఒక మందు చూపినది. సెల్‌ఫోను వెలుగుచున్నంతసేపు తాను ఏ ప్రాంతములో ఉన్నదో టవరు ద్వారా తెలియజేయుచుండును. ఆ సమాచారము కంపెనీ ఎక్స్‌ఛేంజిలోని ఒక తాత్కాలిక పట్టికలో చేరును. సందర్శకుల పట్టికయని దానిని పిలువవచ్చును. ఏ సిమ్మైనను 72 గంటలలోగా జాడ తెలుపకున్నచో దాని పేరు అందుండి కొట్టివేయబడును. నెలలో ఈ పట్టిక అత్యధికముగా నిండిన దినమున ఎంచిన సంఖ్యను ‘చురుకైన చందాదారులు’ అందురు. 2023 చివర ఇట్టివారు మొత్తములో నూటికి 90కి పైగా తేలినారు. ఇది మంచి సవరణయే. కాని ఇది నిద్రించు సిమ్ములను మాత్రమే ఏరివేయును. ఒకే ఫోనులో రెండు సిమ్ములును మేలుకొని ఉన్నచో, ఒక మనిషి ఇద్దరుగానే లెక్కకు వచ్చును. రోగములో సగమునకే ఈ మందు పనిచేయుచున్నది.

హారములోని చిక్కు

హారము ఇంకను చిత్రమైనది. ఢిల్లీ సర్కిలు సాంద్రత 2023 చివర నూటికి 250ని మించియున్నది. ఢిల్లీలో పాలు త్రాగు పసివానికి కూడ రెండున్నర ఫోనులున్నవని దీని అర్థమా? కారణము వేరు. ఆ సర్కిలులో ఢిల్లీయే కాక, పొరుగు రాష్ట్రములకు చెందిన ఘజియాబాదు, నోయిడా, గుర్‌గావ్, ఫరీదాబాదుల కనెక్షనులు కూడ చేరియున్నవి. జనాభా అంచనాలు మాత్రము రాష్ట్రములవారీగనే లభించుచున్నవి. లవములో అయిదు పట్టణములు, హారములో ఒక్కటి. భిన్నము పెరుగక ఏమగును? ఈ సంగతిని ట్రాయ్ దాచలేదు. పట్టిక క్రింద సూచికలో తానే చెప్పుచున్నది. దోషము పట్టికను ఎత్తి వ్రాసి సూచికను వదలివేయువారిది.

తెలుగువారికి సంబంధించిన సంగతి మరియొకటి కలదు. 2014 జూన్ 2న తెలంగాణము వేరు రాష్ట్రమైనను, టెలికాం లెక్కలలో రెండు రాష్ట్రములును ‘ఆంధ్రప్రదేశ్’ అను ఒకే సర్కిలుగా నిలిచినవి. హైదరాబాదు నగరమును, ఆదిలాబాదు అడవిపల్లెలును, శ్రీకాకుళపు తీరగ్రామములును ఒకే సగటులో కలసిపోయినవి. బీహారు సంఖ్యలో ఝార్ఖండు, మధ్యప్రదేశ్ సంఖ్యలో ఛత్తీస్‌గఢ్ ఇట్లే కలసియున్నవి. పైగా 2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడుటచే, ఆ తరువాతి సంవత్సరముల హారము 2011 జనగణనను పట్టి కట్టిన అంచనా మాత్రమే.

హారమును గూర్చి మరొక మాట కూడ చెప్పవలెను; లేనిచో విమర్శ ఏకపక్షమగును. జనాభాలో పసిపిల్లలు కూడ ఉన్నారు. కావున ఒక పల్లెప్రాంతపు సాంద్రత 60 అయినంత మాత్రమున 40 మంది అన్యాయమునకు గురియైరనుట సరికాదు. ఒకచోట సంఖ్య ఉన్నదానికంటె ఎక్కువ చూపును. వేరొకచోట తక్కువ చూపును. ఎచ్చట ఏది జరిగినదో ఆ సంఖ్యయే చెప్పలేదు.

పెరుగుదల రేటు మాయ

సంఖ్య చాలక, దాని పెరుగుదల రేటును పట్టి ప్రాంతములను పోల్చుట మరియొక అలవాటు. నూటికి 1 నుండి 2కు పెరిగినచో వృద్ధి 100 శాతము. 85 నుండి 86కు పెరిగినచో సుమారు 1.2 శాతము. రెండుచోట్లను నూరుగురిలో చేరినది ఒక్క కనెక్షనే. వరిపైరు నాటిన కొత్తలో మెల్లగాను, తరువాత వడిగాను ఎదిగి, కంకి వేసిన పిదప ఎత్తు పెరుగుట మానును. ఫోనుల వ్యాప్తియు ఇట్టిదే. ఎదిగిన పైరును లేతపైరుతో పోల్చి ‘ఇది మందగించినది’ అనుట వ్యవసాయము తెలిసినవారు చేయు పని కాదు.

బ్రాడ్‌బాండు మాట

మొబైలు బ్రాడ్‌బాండు విషయములో మాటయే మారుచు వచ్చినది. 2004 విధానములో సెకనుకు 256 కిలోబిట్ల వేగమున్నచో బ్రాడ్‌బాండు అనిరి. 2013లో దానిని 512కు, 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెంచిరి. 100 మెగాబైట్ల పాఠపు వీడియో ఒకటి ఉన్నదనుకొందము. అనగా 800 మెగాబిట్లు. మొదటి వేగమున అది దిగుటకు సుమారు 52 నిమిషములు, రెండవ వేగమున 26 నిమిషములు, మూడవ వేగమున ఏడు నిమిషములకు లోపుగా పట్టును. పేరొకటే, వస్తువు వేరు. కాబట్టి వేర్వేరు కాలముల బ్రాడ్‌బాండు సంఖ్యలను ఒకే వరుసలో పేర్చి గీత గీయుట, శేరును కిలోను ఒకే తూనికగా భావించుట వంటిది.

సగటు వాడుకను కూడ ఇట్లే పరిశీలింపవలెను. 2019లో ట్రాయ్ ప్రకటించిన నివేదిక ప్రకారము, 2014లో ఒక్కొక్క డేటా చందాదారుడు నెలకు సగటున సుమారు 0.27 గిగాబైట్లు వాడగా, 2018లో 7.5 గిగాబైట్లకు పైగా వాడెను. అదే కాలములో ఒక గిగాబైటు ఖర్చు 269 రూపాయలనుండి సుమారు 12 రూపాయలకు పడిపోయినది. 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశము చేయుట, ధరల పోటీ హెచ్చుట ఇందుకు ముఖ్య కారణములు. ఇది గొప్ప మార్పు. కాని ఈ సగటు డేటా వాడినవారి నడుమ పంచినది. వాడనివారు ఇందులో లేనే లేరు.

ఆ లేనివారు ఎవరు? జవాబు వేరొక పుస్తకములో దొరకును. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కనెక్షనులను ఎంచలేదు, మనుష్యులను అడిగినది. 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఎన్నడైనను ఇంటర్నెట్టు వాడినవారు దేశములో నూటికి 33 మంది. తెలంగాణములో సుమారు 26 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 21 మంది. ఆ కాలముననే ఈ రెండు రాష్ట్రముల ఉమ్మడి సర్కిలు సాంద్రత దేశపు సగటును మించియున్నది. ఒక పట్టికలో సగటుకు పైన, మరొక పట్టికలో సగటుకు క్రింద! రెండును నిజమే. మొదటిది సిమ్ములను గూర్చినది. రెండవది మనుష్యులను గూర్చినది.

2020–21లో బడులు మూతపడినప్పుడు ఈ భేదము పుస్తకములలోని సంగతిగా ఉండలేదు. గ్రామీణ విద్యపై జరుగు ‘అసర్’ సర్వే ప్రకారము, బడిలో చేరిన పిల్లల ఇండ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో నూటికి 36.5 కాగా, 2021లో 67.6 అయినవి. వృద్ధిపట్టిక ఇచ్చట ఆగి సంతోషించును. ఆ సర్వే ఇంకొక ప్రశ్న వేసినది: ఇంట ఫోను ఉన్న పిల్లలలో చదువుకొరకు అది చేతికి అందినవారు ఎందరు? నూటికి సుమారు 26 మందికి అది ఎన్నడును అందలేదు. తండ్రితో పాటు పనికి పోయిన ఫోనులో పాఠము వచ్చినను, ఇంటనున్న పిల్లకు అది రానట్లే.

కోరదగినది

సాంద్రతను పారవేయవలెనని ఈ విమర్శ సారాంశము కాదు. టవరులు ఎన్ని కావలెను, నంబరులు ఎన్ని కేటాయింపవలెను అను ప్రశ్నలకు సిమ్ముల లెక్కయే తగినది. ప్రజల అభివృద్ధిని గూర్చిన ప్రశ్నకు మాత్రము అది చాలదు. దాని ప్రక్కన ఫోను వాడు మనుష్యుల సంఖ్య, స్త్రీపురుష భేదముతోను, జిల్లాలవారీగను ఉండవలెను. రెండు తెలుగు రాష్ట్రముల అంకెలు విడివిడిగా కనబడవలెను. నిర్వచనము మారిన యేట పట్టికలో ఆ సంగతి గుర్తింపబడవలెను.

ఇది తరగతి గదిలోనే పరీక్షించి చూడదగిన విషయము. ఉపాధ్యాయులు విద్యార్థులచేత మూడు నిలువు గడులు గీయించి, ఒక్కొక్క ఇంటిలో మనుష్యులు ఎందరు, సిమ్ములు ఎన్ని, సాయంకాలము చదువుకొనువేళ ఫోను ఎవరి చేతిలో ఉండును అని వ్రాయింపవచ్చును. మొదటి రెండు గడులనుండి ఆ తరగతి ‘సాంద్రత’ వచ్చును. మూడవ గడిలో ఉన్నది ఏ భిన్నములోను ఇమడదు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన విద్యార్థికి, పత్రికలో నూటికి ఇన్ని అను మాట కనబడినప్పుడెల్ల, ‘నూటికి ఏవి?’ అని అడుగు అలవాటు తప్పక కలుగును.