తలకట్టు తెరుచుకునే వేళ

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడితే విజయవాడ వన్‌టౌన్‌లో శుభలేఖల స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లకు కంటిమీద కునుకుండదు. ఫ్రేముకు బిగించిన సన్నటి జాలీగుడ్డ మీద పాలీవినైల్ ఆల్కహాల్ ఎమల్షన్ పల్చగా పూసి, పసుపు బల్బు వెలుతురులో ఆరబెడతారు. నల్లటి అక్షరాల ఫిల్మ్ దానికి ఆనించి లైటు వేస్తారు. వెలుగు పడినచోట పాలిమర్ గొలుసులు ఒకదానికొకటి ముడిపడి బిగుసుకుంటాయి. అక్షరం నీడలో ఉన్నది మాత్రం మెత్తగానే ఉంటుంది. నీళ్లు కొట్టగానే అది జారిపోయి, జాలీలో ‘శ్రీరస్తు’ తెరుచుకుంటుంది.

ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ 1852లో పేటెంటు తీసుకున్న, వెలుగుకు గట్టిపడే బైక్రోమేట్ జెలటిన్ కిటుకే దీనికి మూలం.

నాకు ముచ్చటేసేది మాత్రం లైటు దగ్గర నిలబడ్డవాడి లెక్క. వెలుగు ఎక్కువైతే తలకట్లు తెరుచుకోవు. తక్కువైతే సున్నా నడుమ పొర ఊడిపోయి అది బొట్టవుతుంది. వానాకాలం తేమకు పొర ఓ పట్టాన ఆరదు. “ఇంకా పచ్చిగానే ఉందండీ, కాసేపాగండి” అంటాడు, అంచు మీద వేలు ఆనించి.



తెరుచుకున్న అక్షరాల్లోంచి దిగిన రంగు ఆరాక కార్డులు కట్టలు కట్టి ఇచ్చేస్తారు. మూలలకు పసుపు రాసుకోవడం పెళ్లివారి వంతు.