మైకు పట్టిన మనిషి

పుట్టపర్తి చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్లకు ఎద్దుల బండలాగుడు పెడితే చప్పట్లన్నీ ఎద్దులకూ, తోలేవాళ్లకే పోతాయి. నాకు మాత్రం మైకు పట్టిన వ్యాఖ్యాతంటే ఎంతో గౌరవం. జత బరిలోకి దిగకముందే ఆయన పని మొదలవుతుంది. రైతు పేరు, ఊరు, మండలం, జిల్లా తడబడకుండా చెప్తాడు. నంద్యాల నుంచి వచ్చిన జతైనా, పక్కూరి జతైనా గొంతులో అదే మర్యాద. ఎద్దుల వయసును బట్టి పాలపళ్ల విభాగమా, రెండు పళ్లదా, ఆరు పళ్లదా అన్నదీ ముందే తెలియజేస్తాడు. ఈల పడ్డాక అసలు విద్య బయటపడుతుంది. ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను బండ మీద. ఎన్నో రౌండు, ఎన్ని అడుగులు, ఎంత సమయం మిగిలింది, మొదటి స్థానంలో ఉన్న జత కన్నా ఎన్ని సెకన్లు ముందంజ లేదా వెనకంజ: ఈ లెక్కంతా ఊపిరి తిప్పుకోకుండా నోటిమీదే నడుస్తుంది. బండ కదలక మొరాయిస్తే గొంతు పెంచి తోలేవాళ్లకు హుషారు ఎక్కిస్తాడు. మధ్యమధ్యలో గీత దాటొచ్చిన పిల్లలను వెనక్కి జరగమని బతిమాలతాడు. అంత గోలలోనూ అంకె తప్పనివ్వడు. చెట్టు నీడన వెనక వరసలో కూర్చున్న, చూపు ఆనని ముసలాయన కూడా పోటీని పూర్తిగా అనుభవిస్తాడంటే అది ఈయన చలవే. వానకు మొహం వాచిన ఈ సీమలో ఎద్దులను పిల్లల్లా సాకే రైతు, తన పేరూ తన ఊరి పేరూ వేలమంది ముందు ఈయన గౌరవంగా పలకడం వింటాడు. తిరునాళ్ల నిర్వాహకులకు నా మనవి ఒక్కటే: బహుమతులు పంచేటప్పుడు ఆయనకూ ఒక శాలువా కప్పండి.